మేయుడితో భీమిలి

మా ఇంటికి వచ్చిన కుక్కపిల్లకు పేరు పెట్టే బాధ్యత నా నెత్తిన పడింది. కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పే మనిషి ఇంట్లో ఉండగా టామీ అనో జిమ్మీ అనో పిలిస్తే నలుగురూ నవ్వుతారని మా అమ్మాయి వాదన. అప్పటికి అమ్మాయికి పదేళ్ళు. వానలో తడిసి మా గేటు దగ్గర మూలుగుతున్న గోధుమరంగు కూనను తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూచుంది.

నేను ఆలోచించాను. మహాభారతం మొదలయ్యేదీ కుక్కతోనే, చివరకు వచ్చేదీ కుక్కతోనే. తన బిడ్డను జనమేజయుడి తమ్ముళ్ళు నిష్కారణంగా కొట్టారని సరమ అనే దేవతల కుక్క రాజుగారిని నిలదీసిన కథ నన్నయగారి ఆదిపర్వంలో ఉంది. మహాప్రస్థానంలో తమ్ముళ్ళూ, భార్యా ఒక్కొక్కరే రాలిపోయాక ధర్మరాజు వెంట కడదాకా నడిచింది కుక్కే. అంచేత సరమ కొడుకు పేరే ఖాయం చేశాను: సారమేయుడు.

పేరు ఘనంగానే ఉంది గాని పిలుపుకు నోరు తిరగదు. మావాళ్ళు మొదటి సగం ఉంచుకుని “సారా! సారా!” అని పిలవసాగారు. మూడోనాడు పక్కింటి పెద్దాయన గోడమీదుగా తల పెట్టి, “మాస్టారూ, తెప్పించుకునేది ఎవరండీ?” అని మెల్లిగా అడిగారు. ఆ సాయంకాలమే మొదటి సగం తీసేసి రెండో సగం ఉంచాం. అలా వాడు మేయుడయ్యాడు. గిన్నెడు పెరుగన్నం రెండు నిమిషాల్లో ఖాళీ చేసే తీరు చూసి, “పేరు సార్థకమైంది” అంది మా ఆవిడ.

అటువంటి మేయుడు మొన్న సంక్రాంతి వెళ్ళాక మేత మానేశాడు.

పండక్కి వచ్చిన అమ్మాయి నాలుగు రోజులుండి, చదువుకోసం మళ్ళీ హైదరాబాదు రైలెక్కింది. ఆ రాత్రినుంచి వాడు గేటు దగ్గర పడుకుని లేవడు. గిన్నె దగ్గరికి వస్తాడు, వాసన చూస్తాడు, మన మొహం చూసి వెళ్ళిపోతాడు. వారం తిరిగేసరికి డొక్కలు కనిపించసాగాయి. పశువుల డాక్టరు పరీక్ష చేసి, “జబ్బేమీ లేదండీ, బెంగ. రోజూ ఎవరు తిప్పేవారు?” అన్నారు. అమ్మాయి ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ తనే తిప్పేది. చదువుకు వెళ్ళిన ఈ ఆరునెలల్లో మా ఆవిడే వీధి చివరిదాకా తీసుకువెళ్ళి వస్తోంది. నేనా? ఎనిమిదేళ్ళలో ఒక్కనాడు వాడి గొలుసు పట్టి ఎరగను. “ఒకరోజు ఎక్కడికైనా కొత్త చోటుకు తీసుకువెళ్ళి బాగా నడిపించి చూడండి” అన్నారు డాక్టరుగారు.

ఇంటికి వచ్చి చెబితే మా ఆవిడ, “మీరిద్దరే వెళ్ళి రండి. తిండి తగ్గింది వాడికొక్కడికే కాదు” అంది. నేను వినిపించుకోనట్టు పేపరు తిరగేశాను.

ఆదివారం తెల్లవారుజామున అయిదింటికి బయలుదేరాం. పాతకారు వెనక సీటులో దుప్పటి పరిచి మేయుణ్ణి ఎక్కించాను. ముందు సీటులో మా ఆవిడ ఇచ్చిన మూటలు: నాకు పులిహోర, దద్దోజనం, వాడికి తాలింపు లేని పెరుగన్నం, రెండు సీసాల నీళ్ళు, తాగడానికి వెడల్పాటి గిన్నె. విశాఖ నుంచి భీమిలికి సముద్రం వెంబడి రోడ్డు పాతిక కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది. కుడిచేతి వైపు సముద్రం, ఎడమచేతి వైపు కొండలు. కైలాసగిరి దాటి, ఋషికొండ దాటి, తొట్లకొండ కిందికి వచ్చేసరికి తూరుపు తెల్లబడింది. ఆ కొండమీద రాతిలో తొలిచిన నీటి తొట్లుండబట్టే దానికా పేరు. ఒకప్పుడు బౌద్ధ భిక్షువులు వానాకాలం గడిపిన చోటది. 1976లో నౌకాదళం వారు స్థలం సర్వే చేస్తుంటే ఆ శిథిలాలు బయటపడ్డాయట.

మంగమారిపేట దాటాక కారు ఆపి ఇసుకలోకి దిగాం. చలిగాలి ముఖాన కొట్టింది. మేయుడు ముక్కు పైకెత్తి ఒక్క క్షణం నిలబడిపోయాడు. సముద్రం వాడికి కొత్త. అల వచ్చి కాళ్ళు తడిపితే ఎగిరి వెనక్కి గెంతాడు. కన్నాల్లోంచి తొంగిచూసే ఎండ్రకాయలను తరమబోయాడు గాని, అవి వాడికంటె గడుసువి. మేక గిట్టలవంటి ఆకులతో ఇసుకమీద పాకే తీగ ఊదారంగు పూలు విప్పుకుంటోంది. ఆ తీగ దగ్గర ఉన్నట్టుండి వాడు ఆగి, రెండు ముందుకాళ్ళతో ఇసుక తవ్వడం మొదలుపెట్టాడు. ఎంత హుషారు! వారంరోజులుగా తోక ఊపని కుక్క అలా తవ్వుతుంటే నాకు ప్రాణం లేచివచ్చింది. “తవ్వరా, తవ్వు!” అని వీపు తట్టాను.

“బాబూ! లాగండి, లాగండి కుక్కని!” అని కేక. చేతిలో బుట్టతో ఒక కుర్రాడు పరుగెత్తుకొస్తున్నాడు. నేను గొలుసు లాగాను. మేయుడు రాడు. నేను లాగిన కొద్దీ వాడు ఇసుకలోకి కూరుకుంటున్నాడు. చివరకు రెండు చేతులా ఎత్తి పక్కకు తెచ్చాను.

కుర్రాడు నేలమీద చూపించాడు. నీటి అంచునుంచి అక్కడిదాకా, మళ్ళీ అక్కడినుంచి నీటిదాకా, చిన్న ట్రాక్టరు నడిచినట్టు జాడ. రాత్రి తాబేలు వచ్చి గుడ్లు పెట్టి వెళ్ళింది. ఆలివ్ రిడ్లీ అనే ఈ సముద్రపు తాబేళ్ళు జనవరి మొదలు మార్చిదాకా మన తీరానికి వస్తాయి. మూరెడు లోతు గుంట తవ్వి, ఇంచుమించు నూరు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్ళిపోతాయి. వాటికి నక్కలతోపాటు కుక్కలూ పెద్ద శత్రువులే. అంచేత అటవీశాఖ వారు మనుషులను పెట్టి, తెల్లవారకుండానే తీరమంతా గాలించి, గుడ్లు తీసి, కంచె కట్టిన చోట పాతిపెడతారు. యాభై రోజుల అటూ ఇటూలో పిల్లలు బయటికి వస్తే సముద్రంలో వదులుతారు.

కుర్రాడు మెల్లిగా ఇసుక తీసి, బొంగరపు బంతులవంటి తెల్లటి గుడ్లు ఒక్కొక్కటే బుట్టలో పెట్టుకున్నాడు. ఒక్కటీ చితకలేదు. మరొక్క నిమిషం ఆలస్యమైతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గువేస్తుంది. “కుక్కది తప్పేటుంది బాబూ, గొలుసు పొట్టిగా పట్టుకోవాల” అన్నాడు కుర్రాడు వెళుతూ. కుక్కతో సముద్రపు ఒడ్డుకు వెళ్ళే వారందరికీ ఆ మాటే నేను చెప్పగలిగిన మొదటి హితవు.

అక్కడికి కొద్ది దూరంలోనే ఎర్రమట్టి దిబ్బలు. సినిమాల్లో మీరంతా చూసినవే. ఎండ ముదరక ముందే చూడాలి. తరువాత ఇసుక కాలి మనకు చెప్పులున్నా కుక్క అరికాళ్ళు బొబ్బలెక్కుతాయి. మేం వెళ్ళేసరికి ఎండ ఏటవాలుగా పడి, దిబ్బలన్నీ కుంకుమ రాశులు పోసినట్టున్నాయి. మధ్య మధ్య వాన నీరు కోసిన లోతైన గండ్లు. గండ్ల అంచుల్లో జీడిమామిడి, సరుగుడు, తాటి. దిబ్బ అంచున చిన్న చిన్న కన్నాలు చేసుకుని పచ్చటి పిట్టలు రివ్వున వస్తూ పోతూ ఉన్నాయి. మేయుడు ముక్కు నేలకానించి దారి తీస్తే వాడి వెనక నేను నడిచాను. మనిషి ముందు నడిస్తే దూరం చూస్తాడు. కుక్క ముందు నడిస్తే అడుగడుగూ చూడక తప్పదు. ఈ దిబ్బలకు విద్యార్థులతో మూడుసార్లు వచ్చినా, ఇసుకమీద పాము పాకిన గీతగాని, పిట్ట కాళ్ళ ముగ్గుగాని నేను ఎన్నడూ చూసినవాణ్ణి కాను.

భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పే కథ వింతగా ఉంటుంది. వేల ఏళ్ళ కిందట, గత మంచుయుగంలో, నీరంతా మంచుగా గడ్డకట్టడంతో సముద్రం నూరు మీటర్లకు పైగా కిందికి దిగి, దూరంగా వెనక్కి పోయింది. బయటపడిన ఇసుకను గాలి ఎత్తి తెచ్చి ఇక్కడ పోసింది. ఆ తరువాత వానకూ ఎండకూ ఇసుకలోని ఇనుము తుప్పు పట్టి, ప్రతి రేణువుకూ ఎర్రపూత పూసింది. ఇవన్నీ జరిగి 12 వేల నుంచి 18 వేల ఏళ్ళు అయిందంటారు. ఇలాంటి ఎర్ర ఇసుక మేటలు మనకు కాక తమిళనాడులోనూ, సింహళంలోనూ ఉన్నాయి. 2014లో ప్రభుత్వ భూగర్భ శాఖ వారు దీనిని భౌగోళిక వారసత్వ స్థలంగా ప్రకటించారు. 2025లో యునెస్కో వారి తాత్కాలిక జాబితాలోకీ ఎక్కింది. ఎక్కినా, పక్కనుంచి తవ్వుకుపోయే చేతులూ, పైనుంచి తొక్కి జార్చే కాళ్ళూ ఊరుకోవడం లేదు. గాలి వేల ఏళ్ళు మోసిన ఇసుకను లారీ ఒక పూటలో మోస్తుంది.

ఒక దిబ్బనీడన కూచుని గిన్నెలో నీళ్ళు పోస్తే మేయుడు తాగాడు. పెరుగన్నం పెడితే వాసన చూసి, మొహం తిప్పుకున్నాడు. కాళ్ళనిండా ఎర్రదుమ్ముతో పారాణి పెట్టుకున్న పెళ్ళికొడుకులా ఉన్నాడు గాని, కళ్ళల్లో ఆ కళ లేదు.

అప్పుడు నాకు ఎక్కడో చదివిన సంగతి ఒకటి జ్ఞాపకం వచ్చింది. 1914లో జర్మనీలో, బాన్ నగరం దగ్గర, రాళ్ళు కొట్టే పనివాళ్ళకు ఒక పాత సమాధి దొరికింది. అందులో ఒక పురుషుడు, ఒక స్త్రీ, వారితోపాటు ఒక కుక్కపిల్ల. సుమారు 14 వేల ఏళ్ళ నాటిది. అంటే, ఇంచుమించు ఈ దిబ్బల ఈడుదే. ఆ కుక్క పళ్ళు పరీక్షించినవారు 2018లో ప్రకటించిందేమంటే: దానికి డిస్టెంపరు అనే జబ్బు చేసింది, వారాల తరబడి బాధపడింది, మనుషులు దగ్గర కూచుని సాకకపోతే అన్నాళ్ళు బతికేది కాదు. వేటకు పనికిరాని, కాపలాకు పనికిరాని జబ్బు కూనకు ఎవరో నీళ్ళు పట్టారు. ముద్ద పెట్టారు. తినకపోతే బతిమాలి ఉంటారు కూడా. నేను మేయుడి తల మీద చెయ్యి వేశాను. ఎనిమిదేళ్ళలో అది వాడికీ కొత్తే కాబోలు, ఓసారి నా వంక చూసి, గడ్డం నా మోకాలిమీద పెట్టాడు.

రోడ్డుపక్క ఒక అమ్మ చోడి అంబలి అమ్ముతోంది. మన వైపు రాగులను చోళ్ళంటామని ఇతర జిల్లాల పాఠకులకు మనవి. కుండలోంచి గ్లాసులో పోసి, పక్కన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ పెట్టి ఇచ్చింది. పుల్లగా, చల్లగా గొంతులో దిగుతుంటే ఏ కాఫీ హోటలూ గుర్తుకు రాలేదు. బుట్టలో ఉడికించిన తేగలు కూడా ఉన్నాయి. ఒకటి ఒలిచి, నారతీసి, మధ్యలోని చందమామను వేరుచేసి తిన్నాను. మేయుడికి ఉల్లిపాయ తగలని అంబలి కాస్త పోశాను. కుక్కలకు ఉల్లి, వెల్లుల్లి విషంతో సమానమని డాక్టరుగారి హెచ్చరిక. నాలుగు గుక్కలు నాకి మానేశాడు. వారం తరువాత నాలుగు గుక్కలు! నేను దానికే పొంగిపోయాను.

భీమిలి చేరేసరికి తొమ్మిదయింది. పదిహేడో శతాబ్దిలో డచ్చివారు వచ్చి కోటకట్టి, బట్టల వ్యాపారం చేసుకున్న రేవిది. 1825లో ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. ఇప్పుడు మహా విశాఖలో కలిసిపోయింది. బకాసురుణ్ణి చంపిన భీముడి పేరుమీద వెలసిందని స్థలపురాణం. పాత దీపస్తంభం, డచ్చివారి శ్మశానం చూశాం. సముద్రం దాటి వచ్చి, తిరిగి వెళ్ళలేక ఇక్కడే మిగిలిపోయినవారి గుర్తులు ఆ సూదిమొన సమాధులు. ఆ రాళ్ళ దగ్గర మాత్రం గొలుసు మరీ పొట్టిగా పట్టుకున్నాను. కారణం కుక్కలను పెంచే వారికి చెప్పనక్కరలేదు.

ఒడ్డున అలివివల లాగుతున్నారు. ఆ వలను పడవలో తీసుకువెళ్ళి, సముద్రంలో అర్ధచంద్రాకారంగా దించి వస్తారు. రెండు కొసల తాళ్ళను ఒడ్డునుంచి రెండు జట్లు పట్టుకుని, పాట పాడుతూ వెనక్కి అడుగులు వేస్తూ లాగుతారు. రెండు జట్లూ దగ్గరవుతున్న కొద్దీ వల సంచి ఒడ్డుకు వస్తుంది. గంటకు పైగా లాగితే వచ్చింది నాలుగు బుట్టలు: కవళ్ళు, నెత్తళ్ళు, రెండు చందువలు. “పూర్వం ఇదే వలకి పడవ నిండేది” అన్నాడో ముసలాయన నిట్టూర్చి.

మేం కాస్త ఎడంగా కూచున్నాం. మాది బొత్తిగా శాకాహారపు ఇల్లు. చేపల వాసన నాకు పడదు. మేయుడు మాత్రం మెడ సాచి అటే చూస్తున్నాడు. బుట్ట పక్కన కూచున్న ఒక పెద్దావిడ అది గమనించింది.

“ఏటి బాబూ, డొక్కలు తేలిపోనాయి, కుక్కకి తిండెట్టరేటి?”

నేను సంగతంతా చెప్పాను. అమ్మాయి, రైలు, గేటు, డాక్టరు.

“పిల్ల ఎల్లిపోతే బెంగెట్టుకోదేటి? నోరు నేదు గానీ మనసు నేదా?” అంది. తన కొడుకు కూడా గుజరాత్‌లోని వేరావల్ రేవుకు బోటు పనికి వెళ్ళాడట. ఇక్కడ చేప తగ్గిపోవడంతో ఉత్తరాంధ్ర జాలరులు వందలమంది అలా వానాకాలంలో వెళ్ళి, వేసవికి గాని తిరిగిరారు. “ఆడెల్లిన నెలరోజులు నాకూ ముద్ద దిగనేదు బాబూ. ఆనక తినేసినాను. ఆడొచ్చే యేలకి నేనుండాల గదా!”

అని తన సత్తు గిన్నె మూత తీసింది. చద్దన్నం, పక్కన ఉప్పు కూడా లేకుండా ఉడికించిన చేప ముక్క. మనుమడికోసం తెచ్చిందట. ముల్లు తీసి, అన్నంలో చిదిమి, ఆకుమీద పెట్టింది. మేయుడు వాసన చూశాడు. తినలేదు. తిరిగి నా మొహం చూశాడు.

ఇల్లు గుర్తుకు వచ్చింది. వంటింటి గడప, మా అమ్మ పెట్టుకున్న మడి, మా ఆవిడ మొహం, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. ఆఖరికి, “తినరా” అన్నాను.

తిన్నాడు. ఆకు నాకి, ఆకు కింది ఇసుక కూడా నాకి, ఇంకా ఉందా అన్నట్టు తోక ఊపాడు. పెద్దావిడ నవ్వుతూ రెండో ముద్ద పెట్టింది. నేను డబ్బు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి నెట్టింది. గిన్నె ఖాళీ అయింది కదా, నా పులిహోర పొట్లం ఆవిడ ముందు పెట్టాను. మనుమడితో కలిసి తిని, వేళ్ళు చీకి, “బాగుంది గానీ, పులుపు సాల్నేదు బాబూ” అంది.

నాకు మిగిలిన దద్దోజనం గోస్తనీ సంగమం దగ్గర విప్పాను. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా దిగివచ్చే ఆ చిన్న ఏరు ఇక్కడ చడీచప్పుడూ లేకుండా సముద్రంలో కలుస్తుంది. ఇసుకతిన్నెమీద తెల్లకొంగలు ఒంటికాలిమీద నిలుచున్నాయి. మేయుడు నిండు కడుపుతో నా నీడలో నిద్రపోయాడు. డబ్బాలో అడుగుదాకా తిన్నానని మూత పెట్టబోయేటప్పుడు గాని నాకు తెలియలేదు. వారంరోజుల్లో అలా తినడం అదే మొదలు.

సాయంత్రం మురీ మిక్చరు పొట్లంతో తిరుగు ప్రయాణం. ఇంటికి రాగానే అమ్మాయికి ఫోను చేసి, “మేయుడు తిన్నాడమ్మా!” అన్నాను. అటునుంచి ఒక్క క్షణం మాట లేదు. తరువాత, “మరి నువ్వు, నాన్నా?” అంది. అంటే వాళ్ళమ్మ అంతా చెప్పేసిందన్న మాట.

చేప సంగతి ఆ రాత్రి భోజనాలయ్యాక భయపడుతూనే చెప్పాను. మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. “వంటింట్లో కుదరదు” అంది చివరకు. “పెరటి అరుగుమీద వేరే పొయ్యి, వేరే గిన్నె. వండేది మీరు.”

ఒప్పుకున్నాను. ఇప్పుడు రోజూ ఉదయం మేయుణ్ణి తిప్పేదీ నేనే. పులిహోర గురించి ఆ పెద్దావిడ అన్నమాట మాత్రం దాచుదామనుకున్నాను. మర్నాటికి ఎలాగో నోరు జారింది. వచ్చే ఆదివారం తనూ భీమిలి వస్తుందట. చింతపండు ఇప్పటినుంచే తీసి పెడుతోంది.